12 రోజులు, 9 సభలు, అన్నీ సొంత పాటలే: గొంతు, శ్రుతి, సౌండు, కానుక గురించి సలహాలు కావాలి

సైనిక్‌పురి_స్వరం
సొంత పాటలతో మొదటిసారి ఇంత పెద్ద టూరు పెట్టుకున్నాం. ఫిబ్రవరి 3 నుంచి 14 వరకు. సికింద్రాబాద్ నుంచి విశాఖకు రైలు, అక్కడ బండి మాట్లాడుకుని ఒక్కో ఊరూ చూసుకుంటూ వెనక్కి. విశాఖ 3, 4. కాకినాడ 5. రాజమండ్రి 6, 7. ఏలూరు 8. విజయవాడ 10. గుంటూరు 12. ఖమ్మం 14. సగం చర్చి హాళ్లు, సగం బయట పందిళ్లు.

మొత్తం నలుగురం: పాట, గిటారు నేను, తర్వాత కీబోర్డు, తబలా, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు). 14 పాటలు. మాటలూ బాణీలూ నావే. డి స్కేల్‌లో 4, జి లో 4, ఏ లో 4, ఇ లో ఒకటి, ఎఫ్ షార్ప్‌లో ఒకటి.

గొంతు చివరి ఊరిదాకా నిలవాలంటే ఏం చేయాలి? ట్రాక్ (ముందే రికార్డు చేయించిన వాయిద్యాలు) వేసుకుని పాడాలా, లైవ్ వాయించాలా? ఎక్కడ ఎలాంటి మైకుసెట్టు ఉంటుందో తెలియదు, మాతో ఏం మోసుకెళ్లాలి? పిలిచిన సంఘాలతో డబ్బు సంగతి ముందే మాట్లాడొచ్చా?

ఇంకోటి కూడా ఉంది. టికెట్లు, కేబుళ్లు, లాడ్జీల లిస్టులు రాస్తూ కూర్చుంటే పాట రాసిన రోజున ఉన్న ప్రార్థన పక్కకు పోతోందని బెంగగా ఉంది. దానికేమైనా పద్ధతి ఉంటే చెప్పండి.

గుణదల_దారి
ముందు తేదీ మార్చండి సిస్టర్. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మాత తిరునాళ్లు, ఏటా అవే తేదీలు. ఆ మూడు రోజులూ విజయవాడలో గది దొరకడం కష్టం, ఏలూరు రోడ్డు మీద బండి కదలడం ఇంకా కష్టం. గుణదల ఉన్నదే ఆ రోడ్డు మీద. 10న సభ పెడితే సగం జనం కొండ దగ్గరే ఉంటారు.

సైనిక్‌పురి_స్వరం
మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు ఇది. మారుస్తాను. చాలా థ్యాంక్స్ అన్నా.

గొంతు_సాధన
తేదీలు ఎలాగూ కదుపుతున్నారు కాబట్టి ఇదీ సరిచేయండి. 3 నుంచి 8 దాకా వరసగా ఆరు సభలున్నాయి. వరసగా మూడు దాటొద్దు. నాలుగో రోజు పాట ఉండకూడదు, మాట కూడా తగ్గాలి. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, చాలామందికి అది ఇంకా ఎక్కువ శ్రమ. మాట్లాడాల్సి వస్తే మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడి ఆపేయండి.

టూర్లలో గొంతు ఎక్కువగా పోయేది పాటతో కాదు, పాట అయ్యాక. స్టేజీ దిగగానే చుట్టూ జనం, స్పీకర్లలో ఇంకా ఏదో పాట మోగుతూ ఉంటుంది, దాన్ని మించి వినబడాలని ముప్పావుగంట గట్టిగా మాట్లాడతారు. ప్రార్థన చేయమని వచ్చినవాళ్లను పొమ్మనలేం, అనకూడదు కూడా. సభ ముగియగానే స్పీకర్లు ఆపేయమని ముందే చెప్పి పెట్టుకోండి. వచ్చినవాళ్లను పక్కగదిలో కూర్చోబెట్టి మామూలు గొంతుతో మాట్లాడండి.

రోజూ చేయాల్సిన సాధన: గ్లాసులో రెండంగుళాల నీళ్లు, అందులో స్ట్రా ముంచి, పెదాలు బిగించి "ఊ" అంటూ కింది స్వరం నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. బుడగలు తెగకుండా వస్తుంటే గాలి సమంగా పోతున్నట్టు. పొద్దున 5 నిమిషాలు, సభకు ముందు 10, సభ అయ్యాక 3. ఆ చివరి మూడు నిమిషాలే అందరూ ఎగ్గొట్టేవి, పొద్దున బొంగురు రాకుండా కాపాడేవి కూడా అవే.

నీళ్లు రోజు మొత్తానికి రెండున్నర, మూడు లీటర్లు. స్టేజీ ఎక్కే ముందు గటగటా తాగినవి ఆ పూటకు పనికిరావు, పొద్దున్నుంచీ తాగుతూ ఉండాలి. ఆవిరి 10 నిమిషాలు, ఉత్త నీళ్లతో. బామ్ వేయొద్దు, ఆ ఘాటు గొంతును మండిస్తుంది. రాత్రి భోజనం సభ అయ్యాక 11 గంటలకు పెడతారు. కారం కూరతో కడుపునిండా తిని వెంటనే పడుకుంటే పుల్లటి నీరు గొంతులోకి ఎగదన్నుతుంది. సాయంత్రం 5 కే సగం భోజనం చేసేయండి, రాత్రికి పెరుగన్నమో రెండు ఇడ్లీలో చాలు.

పాడే రోజున నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మాత్రం పెట్టుకోవద్దు.

ప్రార్థనా_గోపురం
చివరి మాట ఒప్పుకోను. సభకు ముందు ఉపవాసం ఉండటం మన సంఘాల్లో పెద్దల నుంచి వస్తున్న అలవాటు. గొంతు బాగుండటం ఒక్కటే చూసుకుంటే సంగీత కచేరీకీ సువార్త సభకూ తేడా ఏముంది?

గొంతు_సాధన
ఉపవాసం వద్దనలేదు. పాడే రోజున నీళ్లు మానొద్దన్నాను. స్వరతంత్రులు మనం పాడే స్వరాన్ని బట్టి సెకనుకు వందలసార్లు కొట్టుకుంటాయి, వాటి మీది తడిపొర ఆరితే ఒరుసుకుపోతాయి. ఖాళీ రోజున ఉపవాసం పెట్టుకుంటే ప్రార్థనకూ తీరిక దొరుకుతుంది, గొంతుకూ విశ్రాంతి దొరుకుతుంది. మత్తయి 6:16-18 ప్రకారం అది ఎవరికీ తెలియాల్సిన పని కూడా లేదు.

ప్రార్థనా_గోపురం
ఖాళీ రోజున అంటే సరే. అది బాగుంది.

తిరుమలగిరి_తబలా
అక్కా, నీ స్కేళ్ల గురించి ఒక మాట. తబలా కుడిది డి లో కలిపి పెట్టుకుంటే డి పాటలకు షడ్జమం అయితది, జి పాటలకు అదే పంచమం, ఏ పాటలకు మధ్యమం. మూడిట్లకూ ఒక్క తబలాతోని నడుస్తది, నడుమ సుత్తి పట్టుకునే పని లేదు. 12 పాటలు గట్లనే అయిపోతయి. ఇబ్బంది ఇ, ఎఫ్ షార్ప్ తోనే. డి నుంచి ఇ కి లాగాల్నంటే రెండు మెట్లు, స్టేజీ మీద రెండు నిమిషాలు పడ్తది, చర్మం మీద కూడా భారం. ఇ లో కలిపిన రెండో తబలా తీస్కపోండ్రి. ఆ రెండు పాటలూ ఒక్కదగ్గర పెట్టుండ్రి.

గొంతు_సాధన
ఎఫ్ షార్ప్ పాటను రెండు మెట్లు దించి ఇ లో పాడేయండి. స్టూడియోలో ఒక్కరోజు అందుకున్న పై స్వరం వేరు, ఎనిమిదో ఊళ్లో అందే పై స్వరం వేరు. సభలో జనం కూడా కలిసి పాడాలంటే పై స్వరం డి దాటకూడదు. అది దాటితే ముందు మగవాళ్లు ఆపేస్తారు, తర్వాత అందరూ ఆపేస్తారు.

సైనిక్‌పురి_స్వరం
ఇ కి దించితే ట్రాక్ పనికిరాదు కదా? ఎఫ్ షార్ప్‌లోనే చేయించాం.

ప్యాడ్స్_పార్సిగుట్ట
సాఫ్ట్‌వేర్‌లో రెండు మెట్లు దించొచ్చు. కానీ కోరస్ గొంతులు బరువెక్కి వినిపిస్తాయి, వేణువు వింతగా ఉంటుంది. డ్రమ్ములు కలిపి దించితే చప్పబడతాయి. స్టూడియో వాళ్లను విడివిడి ఫైళ్లు అడిగి, డ్రమ్ములు అలాగే ఉంచి మిగతావి మాత్రం దించుకోండి.

నలుగురు వాయించేవాళ్లు ఉన్నప్పుడు అసలు ట్రాక్ ఎందుకని నా ప్రశ్న. ట్రాక్ పెడితే ఆరాధన మధ్యలో పల్లవి ఇంకో రెండుసార్లు పాడుదామన్నా కుదరదు. ట్రాక్ నాలుగు నిమిషాలకు అయిపోతుంది, మీరూ అక్కడ ఆగిపోవాలి.

మైక్‌టెస్ట్_మలక్‌పేట
ట్రాక్ ఎప్పుడు అవసరమో చెప్తాను. మిక్సర్‌లో లైన్లు చాలనప్పుడు. కాబట్టి ముందు పిలిచినవాళ్లకు ఒక పేజీ కాగితం పంపండి. మీకు కావాల్సినవి 8 లైన్లు: మీ మైకు, కోరస్ మైకు, గిటారు, కీబోర్డుకు రెండు, తబలా, డగ్గా (ఎడమచేతిది), ప్యాడ్స్. "8 ఛానళ్ల మిక్సర్ ఉంది" అంటే సంతోషపడిపోవద్దు, మైకు ఇన్‌పుట్లు ఎన్ని అని అడగండి. చిన్న మిక్సర్లలో చాలావాటికి నాలుగే ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలుంటాయి, మిగతావి స్టీరియో లైన్లు. మిక్సర్‌కు ముందూ వెనకా ఫొటో తీసి పంపమనండి, దానికంటే నమ్మకమైన జవాబు లేదు.

మీతో తీసుకెళ్లేవి: మీ సొంత మైకు ఒకటి. అందరి నోళ్లూ తగిలిన మైకు వద్దు, దాని జాలీ లోపలి స్పాంజి తడిసి పై స్వరాలు మూసుకుపోయి ఉంటాయి. డిఐ బాక్సులు (వాయిద్యాన్ని మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కు కలిపే చిన్న పెట్టెలు) 4. గిటారుకు యాక్టివ్ (కరెంటు కావాల్సినది), అదీ బ్యాటరీతోనూ నడిచేది, ఎందుకంటే అన్ని మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్లోనే వచ్చే కరెంటు) ఉండదు. కీబోర్డుకు, ప్యాడ్స్‌కు పాసివ్ చాలు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు 10 మీటర్లవి 8, జాక్ కేబుళ్లు 5 మీటర్లవి 5, 9 వోల్టుల బ్యాటరీలు 4, 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 5 కు మార్చేవి 2, ఎక్స్‌టెన్షన్ బాక్సు, టేపు, మల్టీమీటర్. ఇదంతా ఒక ట్రంకు పెట్టెలో పడుతుంది.

మల్టీమీటర్ ఎందుకంటే, జనరేటర్ మీదికి మారినప్పుడు వోల్టేజీ ఎటు పోతుందో చెప్పలేం. 210 నుంచి 240 లోపు ఉంటేనే కీబోర్డు పెట్టండి. రెండోది, ఇది ప్రాణాల మీది సంగతి: చేతిలో గిటారు తీగలు, పెదాలకు మైకు, రెండింటి ఎర్తూ వేర్వేరు అయితే షాకు కొడుతుంది. పందిళ్లలో ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులు కనబడుతూనే ఉంటాయి. స్టేజీ మీది సామానూ మిక్సరూ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకోవాలి, ఆ చోట ఎర్త్ ఉండాలి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు మైకు జాలీకి, ఇంకోటి గిటారు తీగకు తాకించండి. ఒకటి రెండు వోల్టులు దాటి చూపిస్తే ఎవరు తొందరపెట్టినా మైకు ముట్టుకోవద్దు.

గిటారు హాల్లో "గూం" అని మోగితే అది సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర, లేదా 200 చుట్టుపక్కల. అక్కడ 4, 5 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. గిటారు రంధ్రానికి రబ్బరు మూత పెడితే సగం బాధ అక్కడే పోతుంది. మానిటర్ బాక్సు (పాడేవాళ్లకు వినబడేలా పెట్టే స్పీకరు) మైకుకు సరిగ్గా వెనక ఉండాలి, పక్కన కాదు.

ఇక ఎకో. మన సభల్లో మైకుసెట్టు అబ్బాయికి ఎకో అంటే మహా ఇష్టం. వాక్యం చెప్పేటప్పుడు పెట్టింది పాటకూ అలాగే ఉంచేస్తాడు. చరణంలో ఒక మాట తోక ఇంకో మాట మీద పడి ఏదీ అర్థం కాదు. పూర్తిగా తీసేయమంటే అతను నొచ్చుకుంటాడు. "తమ్ముడూ, పాట టెంపోకు కలుపుదాం" అనండి. 60,000 ను టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో దానితో) భాగిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. టెంపో 72 అయితే 833, అందులో సగం 416. ఆ సగం పెట్టి, తిరిగి వినబడటం ఒక్కసారికి తగ్గిస్తే అతనికి ఎకో ఉంటుంది, మీకు మాట మిగులుతుంది.

హార్న్_స్పీకర్
పందిళ్లకు ఇంకో సంగతి. వీధి చివరిదాకా హార్న్‌లు కడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 50 మీటర్ల దూరంలోని హార్న్ దగ్గరున్నవాళ్లు దాని పాటకు చప్పట్లు కొడితే, ఆ చప్పట్లు మీ చెవికి చేరేసరికి సుమారు 0.15 సెకను ఆలస్యం. టెంపో 120 లో ఒక బీటు అర సెకను, అంటే దాదాపు మూడో వంతు బీటు వెనకబడి వినిపిస్తాయి. వాటిని వింటూ పాడితే పాట నెమ్మదిస్తూ పోతుంది, బ్యాండు మొత్తం ఒకరి మీద ఒకరు అనుమానపడతారు. చప్పట్లు వినొద్దు, మానిటర్ వినండి. ప్యాడ్స్ అతను ఇయర్‌ఫోన్‌లో క్లిక్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

తిరుమలగిరి_తబలా
హార్న్ అన్న చెప్పింది నిజం. మంచు సంగతి కూడా చెప్తున్న. ఫిబ్రవరి మొదట్ల బయట పందిట్ల రాత్రి 8 దాటినంక మంచు పడ్తది, చర్మం వదులైతది, శ్రుతి దిగుతది. హాలోజన్ లైటు పక్కకు రెండడుగుల దూరంల పెట్టుకోవాలె. మరీ దగ్గరికి పెడ్తే ఎండిపోయి పగుల్తది. పాటకూ పాటకూ నడుమ మీద తువ్వాల కప్పాలె. కీబోర్డు మీద కూడా బట్ట కప్పుండ్రి.

సైనిక్‌పురి_స్వరం
రాసుకుంటున్నా. విశాఖ, కాకినాడ గాలికి గిటారుకు ఏమవుతుంది?

కాపో_కవాడిగూడ
చెక్క తేమ పీల్చి పైపలక కొంచెం ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి, వేళ్లు నొప్పెడతాయి. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ సుఖం. సముద్రం పక్కన అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. వాయించనప్పుడు పెట్టెలోనే ఉంచండి, సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. వాయించాక తీగలు పొడిబట్టతో కింద కూడా తుడవాలి, ఉప్పుగాలికి మూడు రోజుల్లో తుప్పు మొదలవుతుంది. 12 గేజు తీగల సెట్లు మూడు తీసుకెళ్లండి. సభ రోజున కొత్త తీగలు వేయొద్దు. ముందురోజు వేసి, లాగి లాగి శ్రుతి చేసి నిలబెట్టుకోండి.

రైల్లో పై బెర్తు మీద మీ తలవైపు పెట్టుకోండి, సీటు కింద వద్దు. బండి డిక్కీలో ఎండకు వదిలేయకండి, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. కాపోలు (స్కేలు మార్చడానికి తీగల మీద బిగించే క్లిప్పులు) రెండు. ఒకటి ఎక్కడో ఒక ఊళ్లో మిగిలిపోతుంది, ఎవరికైనా.

లిపి_లాలాపేట
పాటలు తెర మీద వేస్తారా? అక్కడి ల్యాప్‌టాప్‌లో మీ ఫాంటు ఉండదు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు తెరిస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి, సభ మొదలయ్యాక చూసుకుంటే చేయడానికేం ఉండదు. యూనికోడ్‌లో టైపు చేసి, ప్రతి స్లైడునూ బొమ్మగా మార్చి, పెన్‌డ్రైవులు రెండింటిలో పెట్టుకోండి. స్లైడుకు రెండు లైన్లు, ఎక్కువంటే నాలుగు. నల్లటి తెర మీద పసుపు లేదా తెలుపు అక్షరాలు. ఆపరేటర్‌కు పాటల వరస కాగితం మీద ఇచ్చి, పల్లవి ఎన్నిసార్లు తిరుగుతుందో రాసివ్వండి.

తెర లేని చోటికి ఏ5 కాగితం మీద రెండు వైపులా పాటలు అచ్చేయించి పట్టుకెళ్లండి.

మాత్ర_ఛందం
అందరూ సామాను గురించి చెప్పారు, పాట గురించి చెప్పనా? 14 పాటలూ జనానికి కొత్తవైతే వాళ్లు వినడానికి కూర్చుంటారు, పాడటానికి కాదు. కొలస్సయులకు 3:16 లో పౌలు చెప్పింది ఒకరికొకరు బోధించుకుంటూ పాడమని. 9 సొంతవి, 3 పాత కీర్తనలు చాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోవి తీసుకుంటే పెద్దవాళ్లు పుస్తకం లేకుండానే అందుకుంటారు. పైన రాగం, తాళం రాసే ఉంటాయి, తబలా తమ్ముడికీ పండగే. మొదటి పాట కీర్తన అయితే మిగతా సభ అంతా మీతో ఉంటుంది.

సొంత పాటలకు ఒక పరీక్ష చెప్తాను. బాణీ పక్కన పెట్టి మాటలు చదవండి, తర్వాత బాణీలో పాడి రికార్డు చేసి వినండి. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారుతుంది. "నీ మరణము" అన్న చోట బలమైన తాళం "మ" మీద పడి రెండు మాత్రలు లాగితే "నీ మారణము" అవుతుంది. మరణం ఆయన మనకోసం పొందినది, మారణం చంపడం. సిలువ పాటలో ఈ తప్పు జరిగితే జనం సర్దుకుని వింటారు, కానీ రాసినవాళ్లు సర్దుకోకూడదు. "నీ పదము" లాగితే "నీ పాదము" అవుతుంది, వాక్యం కాస్తా పాదమైపోతుంది. మందు ఒక్కటే: మాటను అర బీటు ముందు ఎత్తుకోవడం, లేదా ఆ చోట ముందే దీర్ఘమున్న మాట పెట్టడం.

ఇంకొకటి, పై స్వరం మీద "ము", "వు" పెట్టకండి. పెదాలు మూసుకుంటాయి, గొంతు బిగుస్తుంది. పైకి వెళ్లే చోట "ఆ"తో ఆగే మాట ఉండాలి: "ప్రభువా", "రావా", "దేవా". వేగం పాటల్లో "స్తోత్రము" లాంటి జంట అక్షరాలు ఒక్క మాత్రలో ఇరికిస్తే సభ మొత్తం "తోత్రము" అంటుంది.

సైనిక్‌పురి_స్వరం
"నీ మరణము" నా మూడో పాట పల్లవిలో ఉంది. సరిగ్గా "మ" మీదే తాళం. "నీదు మరణము" అని "నీ"ని తాళం మీద పెడితే సరిపోతుందా?

మాత్ర_ఛందం
సరిపోతుంది. "నీ" ముందే దీర్ఘం, ఎంత లాగినా చెడదు. "మరణము" నాలుగు లఘువులు, తాళం తర్వాత గబగబా పోతాయి. బాగుంది.

హక్కుల_చిట్టా
పాత కీర్తనలంటే హక్కుల సంగతి కూడా తెలుసుకోండి. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవారు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పురుషోత్తం చౌదరి గారు 1890 లో పోయారు, వారి కీర్తనల మాటలు అందరివీ. కానీ ఎవరో ఈమధ్య చేసిన రికార్డింగు, ఆర్కెస్ట్రా వాళ్లదే, ఆ ట్రాక్ తీసుకుని వాడకూడదు.

ఇంకా హక్కులున్న పాటను ఆరాధనలో పాడటానికి సెక్షన్ 52(1)(జడ్‌ఏ) అడ్డు చెప్పదు, నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడితే ఉల్లంఘన కాదు. టికెట్టు పెట్టిన కచేరీకి ఆ రక్షణ ఉందనుకోవద్దు, ఐపీఆర్‌ఎస్ (గీత రచయితల, స్వరకర్తల హక్కుల సంఘం) లైసెన్సు చూసుకోవాలి. పాడటం వేరు, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి.

మీ పాటలకు మీరు చేయాల్సినవి: గీత రచయితగా, స్వరకర్తగా ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం. ట్రాక్ చేసిన స్టూడియోతో ఒక ఉత్తరం, డబ్బు ఎవరు పెట్టారు, రికార్డింగు ఎవరిది అని స్పష్టంగా. ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య ఉంటుంది, పాటను యాప్‌లలో పెట్టే డిస్ట్రిబ్యూటరు ఇస్తారు. సభను ఆ సంఘం వాళ్లు లైవ్ పెడితే, మీరు ట్రాక్ వాడితే, మీ డిస్ట్రిబ్యూటరు తరఫున వాళ్ల చానల్‌కు క్లెయిము వెళ్లొచ్చు. పిలిచి అన్నం పెట్టినవాళ్లకు ఆ ఇబ్బంది ఎందుకు? తొమ్మిది చానళ్ల లింకులు ముందే తీసుకుని డిస్ట్రిబ్యూటరుకు ఇచ్చి, వాటిని మినహాయించమనండి.

ప్యాడ్స్_పార్సిగుట్ట
ట్రాక్ వాడకపోవడానికి ఇంకో కారణం దొరికింది నాకు.

మైక్‌టెస్ట్_మలక్‌పేట
వీధిదీపం స్తంభం దగ్గర నుంచి పందిట్లోకి కరెంటు లాగే ఊళ్లో అదే ట్రాక్ మీ ప్రాణం నిలబెడుతుంది తమ్ముడూ. ఫోన్‌లో 14 ట్రాకులూ ఉంచుకోండి. వాడాలని కాదు, వాడాల్సి వస్తే ఉండాలని.

కానుక_కవరు
డబ్బు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ముందే మాట్లాడటం తప్పు కాదు, మాట్లాడకపోవడమే తర్వాత మనసులు విరిచేది. రేటు అడగక్కర్లేదు, ఖర్చు చెప్పండి. లెక్క ఇలా: విశాఖ నుంచి హైదరాబాద్‌కు మీ దారిలో 800 కిలోమీటర్లు, ఊళ్లల్లో తిరుగుడు కలిపి వెయ్యి అనుకోండి. బండి లీటరుకు 12 ఇస్తే 84 లీటర్లు డీజిలు. టోలు, డ్రైవరు బత్తా, బండిని విశాఖకు ఖాళీగా పంపే ఖర్చు, రైలు టికెట్లు 4, వాయించే ముగ్గురికి రోజుకింత. మొత్తాన్ని తొమ్మిదితో భాగించండి. "మా ఖర్చు సభకు ఇంత అవుతుంది, మీకు వీలైనంత భరించండి, మిగతాది మేం చూసుకుంటాం" అని ఫోన్‌లో చెప్పి, అదే మాట వాట్సాప్‌లో పెట్టండి.

ప్రార్థనా_గోపురం
సువార్త పనికి లెక్క చెప్పి అడగడం నాకు మింగుడుపడదు. పౌలు గుడారాలు కుట్టుకుని బతికాడు, అపొస్తలుల కార్యములు 18:3.

కానుక_కవరు
అదే పౌలు 1 కొరింథీయులకు 9:14 లో సువార్త ప్రకటించేవారు దాని వల్లే బతకాలని రాశాడు. తర్వాతి వచనంలో తాను మాత్రం ఆ హక్కు వాడుకోలేదన్నాడు. వదులుకోవడం పాడేవాళ్ల ఇష్టం, వాళ్ల తరఫున సంఘం వదులుకోలేదు. నెహెమ్యా 13:10 చూడండి. మందిరంలో సేవచేసే లేవీయులకూ గాయకులకూ రావాల్సిన భాగం ఇవ్వకపోతే వాళ్లంతా ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా తిట్టింది వాళ్లను కాదు, అధికారులను.

ప్రార్థనా_గోపురం
నెహెమ్యా మాట నేను తీసుకుంటాను. ఒక్కటి మాత్రం పట్టుబడతాను. చిన్న సంఘం "మా దగ్గర అంత లేదు" అంటే తేదీ రద్దు చేయొద్దు.

తిరుమలగిరి_తబలా
నాది కూడా ఒక పట్టు. కానుక ఎంతొచ్చినా వాయించేటోళ్లకు మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టు ఇయ్యాలె. వాళ్లకు ఇంటి కిరాయి ఉంటది.

కానుక_కవరు
ఇద్దరి మాటా సరైనదే. వచ్చిన కవర్లు ఏ రాత్రికారాత్రి ఇద్దరి ఎదుట తెరిచి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. పాడే మనిషి చేతిలో డబ్బు ఉండకూడదు.

పది_దాటొద్దు
పందిరి సభలకు పోలీసు అనుమతి ఆ సంఘమే తీసుకోవాలి, కాపీ ఫోన్‌లో పంపించుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట మైకు ఉండకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తారు. పాటలు ముందు, వాక్యం తర్వాత అనుకుంటే వాక్యం ఎప్పుడూ సాగుతుంది, చివరి పాట 10 దాటుతుంది. మీ చివరి పాట 9:40 కే అయ్యేలా పాస్టర్ గారితో ముందే అనుకోండి. పక్కింటి పసిపిల్లలూ పరీక్షలకు చదివే పిల్లలూ కూడా మన పొరుగువాళ్లే.

యాత్ర_కీర్తన
మొదటి పోస్టు చివరి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నాకు తెలిసిన పద్ధతి చెప్తాను.

లిస్టులన్నీ పాడే మనిషి చేతిలోంచి తీసేయండి. నలుగురిలో ఒకరు టికెట్లు, గదులు, డబ్బు. ఒకరు సామాను: ప్రతి రాత్రీ పెట్టె మూసే ముందు లెక్క. మీరు పాటల వరస, ప్రార్థన మాత్రమే.

సౌండ్ చెక్ 4 గంటలకు మొదలై 5 కు అయిపోవాలి. ఆ తర్వాత తినడం. 5:45 నుంచి 6:15 వరకు ఫోన్లు అన్నీ ఒక సంచిలో. నలుగురూ ఒక గదిలో, ఒక కీర్తన చదివి ప్రార్థన. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు యాత్రకీర్తనలు, మొత్తం 15. యెరూషలేముకు నడిచి వెళ్లేవాళ్లు దారిలో పాడుకున్నవని చెబుతారు. మీవి 12 రోజులు. బయల్దేరే ముందు మూడు రోజులు ఇంట్లో మూడు చదివితే, రోజుకొకటి చొప్పున చివరిది, రాత్రివేళ దేవుని మందిరంలో నిలిచేవాళ్ల కీర్తన, ఖమ్మంలో వస్తుంది.

టూరులో ఆదివారం పొద్దున ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, మిమ్మల్ని పిలవని ఏదో ఒక సంఘంలో వెనక బెంచీలో కూర్చోండి. గిటారు గదిలోనే ఉంచి వెళ్లండి.

సైనిక్‌పురి_స్వరం
ఈ పోస్టు మా నలుగురి గ్రూపులో పెట్టాను.

తేదీలు ఇలా మార్చాను, పిలిచినవాళ్లందరితోనూ మాట్లాడాను. విశాఖ 3, 4. 5 ఖాళీ, ప్రయాణం. కాకినాడ 6. రాజమండ్రి 7, 8. 9 ఖాళీ, ఉపవాసం ఆ రోజే. ఏలూరు 10. 11 ఏలూరులోనే ఆగుతాం, 12 పొద్దున తిరునాళ్ల రద్దీ తగ్గాక గుంటూరు. విజయవాడ 13. ఖమ్మం 14. పాటలు 12: సొంతవి 9, కీర్తనలు 3. సొంతవాటిలో ఏడు డి, జి, ఏ లోవే. ఇ పాటా, ఇ కి దించిన ఎఫ్ షార్ప్ పాటా పక్కపక్కన, సభ మధ్యలో. ట్రాక్ వాడం, ఫోన్‌లో ఉంటుంది. ఖర్చు లెక్క తొమ్మిది సంఘాలకూ పంపాను, రెండు చిన్న సంఘాలు సగమే ఇవ్వగలమన్నాయి, వస్తామని చెప్పాను.

గొంతు_సాధన
12, 13, 14 వరసగా మూడున్నాయి. 13 పగలు మాట తగ్గించండి, గుంటూరులో రాత్రి కారం జోలికి పోవద్దు.

తిరుమలగిరి_తబలా
కీర్తనలు కూడా డి, జి, ఏ లోనే ఎత్తుకోండ్రి అక్కా, పుస్తకంల శ్రుతి రాసి ఉండది, మనిష్టమే. ఇ పాటలు అయిపోంగనే ఒక కీర్తన పెడ్తే తబలా మార్చుకునే టైము దొరుకుతది, పల్లవి జనమే ఎత్తుకుంటరు. సుత్తి రెండు సంచుల్ల రెండు పెట్టుండ్రి.

మైక్‌టెస్ట్_మలక్‌పేట
విశాఖ 3 హాలా, పందిరా? హాలైతే పొడవు, వెడల్పు, ఎత్తు అడిగి ఇక్కడ పెట్టండి. మిక్సర్ ఫొటో కూడా. స్పీకర్లు ఎక్కడుండాలో గీసి పంపుతాను.